రాష్ట్రం లెక్కలు ఒక్క చార్టులో: జనాభా, ఆదాయం, సాగు. ఏ అంకె పట్టుకోవాలి?

అశోక్‌నగర్_రీడింగ్ | సోమవారం, ఉదయం 8:40

రీడింగ్ హాల్ గోడకు తెలంగాణ లెక్కల చార్టు తయారవుతోంది. ఒక్క షీటు, ముప్పై గడులు. మొదటి గడి దగ్గరే పని ఆగింది. జనాభా ఒక పుస్తకంలో 3.52 కోట్లు, ఇంకో దాంట్లో 3.50 కోట్లు, కుల సర్వేలో 3.54 కోట్లు, పేపర్లో 3.8 కోట్లు. తలసరి ఆదాయం 3.79 లక్షలని రాశారు, కానీ జీఎస్‌డీపీని (రాష్ట్ర స్థూల ఉత్పత్తి) జనాభాతో భాగిస్తే 4.2 లక్షలు వస్తోంది. వరి దిగుబడి ఒకచోట ఎకరాకు 23 క్వింటాళ్లు, ఇంకోచోట హెక్టారుకు 3.8 టన్నులు. ఎటు గుణించినా పొంతన లేదు. అచ్చు తప్పులా, నా లెక్కే తప్పా? తెలిసిన పెద్దలు చెప్పాలి.

ఖైరతాబాద్_లెక్క | సోమవారం, ఉదయం 9:25

అచ్చు తప్పులు కావు, మీ గుణకారమూ తప్పు కాదు. ప్రతి అంకె వెనక ఒక హద్దు, ఒక తేదీ, ఒక కొలత ఉంటాయి. పుస్తకాల వాళ్లు అంకె ఎత్తి రాస్తారు, ఆ మూడింటినీ వదిలేస్తారు. ముందు జనాభా చూద్దాం.

2011 జనగణన ప్రకారం పాత పది జిల్లాల జనాభా 3,51,93,978, విస్తీర్ణం 1,14,840 చదరపు కిలోమీటర్లు. మీ 3.52 కోట్లు ఇదే. 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అందులో భద్రాచలం పట్టణం ఇటే ఉండిపోయింది, బూర్గంపహాడ్‌లో కొన్ని ఊళ్లే పోయాయి. ఆ జనాన్ని తీసేస్తే 3,50,03,674. విస్తీర్ణం కూడా 1,12,077కు తగ్గుతుంది. కాబట్టి 3.50 కోట్లు ఇప్పటి హద్దులకు, 3.52 కోట్లు అప్పటి హద్దులకు. సంవత్సరం మాత్రం రెండింటికీ 2011.

చాలా పుస్తకాల్లో పడే తప్పు ఏంటంటే, జనాభా కొత్త హద్దుది రాసి విస్తీర్ణం పాతది రాస్తారు. సాంద్రత భాగించి చూడండి. కొత్తదాన్ని కొత్తదానితో భాగిస్తే 312, పాతదాన్ని పాతదానితో అయితే 307. 305 అని కనిపిస్తే రెండూ కలగలిపారని అర్థం.

3,54,77,554 అనేది కుల సర్వేలో నమోదైన మనుషుల సంఖ్య. 2024 నవంబర్ 6న మొదలైంది, 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టారు. 96.9 శాతం కుటుంబాల దగ్గర వివరాలు తీసుకున్నారు. అంటే అది రాష్ట్ర జనాభా కాదు, సర్వేకు దొరికిన జనాభా. అందులోని శాతాలు (ముస్లింలు కాని బీసీలు 46.25, ముస్లిం బీసీలు 10.08, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45) దొరికినవాళ్లలో శాతాలే. వాటిని 2011 నాటి ఎస్సీ 15.45, ఎస్టీ 9.08తో పక్కపక్కన పెట్టి 'పెరుగుదల' అని బాణం గుర్తు గీయొద్దు. పద్ధతి వేరు, సేకరించినవాళ్లు వేరు, మధ్యలో 13 ఏళ్లు.

3.8 కోట్లు అంచనా. 2011 జనగణన మీద కట్టిన కేంద్ర సాంకేతిక బృందం అంచనాల్లో 2021కి సుమారు 3.77 కోట్లు, ఆ తర్వాత పెరుగుదల బాగా నెమ్మదించి 2036లో కూడా 4 కోట్ల లోపే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5)లో రాష్ట్ర సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటు పిల్లల సంఖ్య, 1.8. జనాభా స్థిరంగా ఉండటానికి 2.1 కావాలి. వలస వచ్చేవాళ్లను ఈ అంచనా ఎంతవరకు పట్టుకుందో కొత్త జనగణనలో తేలుతుంది. దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1.

పాతబస్తీ_పటం | సోమవారం, ఉదయం 10:02

హైదరాబాద్ గడి ఒక్కటే పెడతావా తమ్మీ? అక్కడ ఇంకా పెద్ద పంచాయితీ ఉంది.

జిల్లా హైదరాబాద్ అంటే 217 చ.కి.మీ., 2011లో 39.43 లక్షలు, సాంద్రత 18 వేల పైన. జీహెచ్ఎంసీ పాత హద్దులతో 67 లక్షల పైన. నగర సముదాయం అంటే 77 లక్షల దాకా. ఎల్బీనగర్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి ఏవీ హైదరాబాద్ జిల్లాలో లేవు. మనిషి నోట్లో మాత్రం అంతా హైదరాబాదే. 'హైదరాబాద్ జనాభా 39 లక్షలు' అని చార్టులో రాసి పక్కన చార్మినార్ బొమ్మ వేస్తే చదివినవాడు నవ్వుతాడు. 'హైదరాబాద్ జిల్లా' అని రాయి, సరిపోతుంది.

ఎర్రచెల్క | సోమవారం, ఉదయం 10:40

జిల్లాల సంగతి కూడా గంతే అన్నా. 2016 అక్టోబర్ 11న 31 జిల్లాలైనయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి 33. పేరు అదే, జిల్లా అది కాదు. మెదక్ చూడుండ్రి. 2011 జనగణన పుస్తకంల 30.33 లక్షల మంది, ఇప్పటి మెదక్ జిల్లాల అదే 2011 లెక్కతోని 7.67 లక్షలు. జనం యాడికీ పోలే, సంగారెడ్డి, సిద్దిపేటల ఉన్నరు. పాత రంగారెడ్డి 52.97 లక్షలు. అది రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి, వికారాబాద్‌గ చీలింది.

పాత జిల్లా అంకెను కొత్త జిల్లాతోని పోల్చాలంటే మండలాలు కూడుకోవాలె, వేరే తొవ్వ లేదు. 2016ల కొన్ని కొత్త మండలాలు కూడా పుట్టినయి కాబట్టి ఒక్కోసారి ఊరి దాకా దిగాలె. ఊరి కోడ్ నంబరు పట్టుకొని జోడించుండ్రి, పేరుతోని కాదు. రాంపూర్ అనే ఊర్లు ఎన్నున్నయో లెక్కలేదు.

అశోక్‌నగర్_రీడింగ్ | సోమవారం, మధ్యాహ్నం 12:15

అర్థమైంది. ప్రతి గడి కింద సంవత్సరం, హద్దు చిన్న అక్షరాల్లో వేస్తా. అక్షరాస్యత 66.54 అని ఉంది, పెట్టొచ్చా? తర్వాత ఆదాయం సంగతి చెప్పండి.

ఖైరతాబాద్_లెక్క | సోమవారం, మధ్యాహ్నం 1:10

పెట్టొచ్చు. అది ఏడేళ్లు, ఆ పైబడిన వాళ్లలో శాతం, మొత్తం జనంలో కాదు. స్త్రీ పురుష నిష్పత్తి 988, పట్టణ జనాభా 38.88 శాతం. ఇవి కొత్త హద్దులవే.

ఆదాయం. 2024-25కి ముందస్తు అంచనాలో జీఎస్‌డీపీ ప్రస్తుత ధరల్లో 16,12,579 కోట్ల రూపాయలు, తలసరి ఆదాయం 3,79,751. మీరు మొదటిదాన్ని 3.82 కోట్లతో భాగించి 4.2 లక్షలు తెచ్చారు. అది తలసరి జీఎస్‌డీపీ. ప్రభుత్వం 'తలసరి ఆదాయం' అనేది నికర ఉత్పత్తి, అంటే ఎన్‌ఎస్‌డీపీ మీద. యంత్రాలు, భవనాలు, రోడ్లు ఏడాదిలో అరిగిపోయిన విలువను స్థూలంలోంచి తీసేస్తే నికరం. మన దగ్గర ఆ తరుగు పదో వంతు దాకా ఉంటుంది. 4.2లో పదో వంతు తీయండి, 3.79 దగ్గరికే వస్తారు. దేశ సగటు అదే ఏడాదికి 2,05,579. అదీ నికరమే కాబట్టి పోలిక చెల్లుతుంది.

ఇంకోటి, 2014-15లో జీఎస్‌డీపీ 5.05 లక్షల కోట్లు, 2024-25లో 16.12 లక్షల కోట్లు, 'మూడు రెట్లు పెరిగింది' అని అందరూ రాస్తారు. అందులో ధరలు పెరిగిన భాగం కూడా ఉంది. సరుకు ఎంత పెరిగిందో కావాలంటే స్థిర ధరల పట్టిక, అంటే ఒకే ఆధార సంవత్సరం ధరలతో కట్టినది, చూడాలి. ఈ వరుసకు ఆధార సంవత్సరం 2011-12. ఆధార సంవత్సరం మారినప్పుడల్లా పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి వృద్ధి రేటు కట్టకూడదు. ముందస్తు, సవరించిన, తుది అంచనా అని ఒకే ఏడాదికి మూడు నాలుగు అంకెలు తిరుగుతుంటాయి. అది కూడా గడిలో రాయండి.

ఇక వాటాలు: వ్యవసాయం, అనుబంధ రంగాలు 17.3 శాతం, పరిశ్రమ 16.4, సేవలు 66.3. ఇవి జీఎస్‌డీపీలో వాటాలు కావు, జీఎస్‌వీఏలో (రాష్ట్ర స్థూల జోడింపు విలువ) వాటాలు. జీఎస్‌వీఏకు పన్నులు కలిపి సబ్సిడీలు తీస్తే జీఎస్‌డీపీ వస్తుంది. 17.3 శాతాన్ని 16.12 లక్షల కోట్లతో గుణించి 'వ్యవసాయం విలువ' అని రాస్తే ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది.

మల్కాజిగిరి_ఎక్సెల్ | సోమవారం, మధ్యాహ్నం 2:30

జిల్లాల తలసరి ఆదాయంలో రంగారెడ్డి మొదటి స్థానం, హైదరాబాద్ దానికంటే చాలా కింద. దీనిమీద ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో 'రంగారెడ్డి వాళ్లు కోటీశ్వరులు' అని తిరుగుతుంది. శేరిలింగంపల్లి మండలం రంగారెడ్డిలో ఉంది. అంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులన్నీ అక్కడే. శంషాబాద్ విమానాశ్రయం కూడా అదే జిల్లా. ఉత్పత్తి విలువ ఆఫీసు ఉన్న జిల్లాలో పడుతుంది, భాగించేది మాత్రం ఆ జిల్లాలో కాపురం ఉండేవాళ్ల సంఖ్యతో. మల్కాజిగిరి నుంచి రోజూ రైలెక్కి పోయి అక్కడ పనిచేసేవాడి కష్టం పైన లవంలో రంగారెడ్డి ఖాతాలో పడుతుంది, అతని తల కింద హారంలో మేడ్చల్ ఖాతాలో. షాబాద్‌లో పత్తి వేసే రైతుకు ఆ అంకెతో ఏ సంబంధం లేదు.

ఎర్రచెల్క | సోమవారం, మధ్యాహ్నం 3:05

మరి వ్యవసాయం 17.3 శాతమే అంటే, పనిచేసేటోళ్లల్ల 42.7 శాతం వ్యవసాయంలనే ఉన్నరని ప్రభుత్వ లెక్కలే చెప్తయి. 17.3ని 42.7తోని భాగిస్తే 0.4. రాష్ట్రంల సగటు పనిమనిషి రూపాయి విలువ తీస్తే సాగుల ఉన్నోడు 40 పైసలు తీస్తున్నడన్నట్టు. ఈ ఒక్క లెక్క చార్టుల పెట్టుండ్రి, మిగిలినయి దీని ముందు చిన్నవే.

ఖైరతాబాద్_లెక్క | సోమవారం, మధ్యాహ్నం 3:40

పెట్టొచ్చు, రెండు షరతులు. ఆ 42.7లో జీతం లేకుండా ఇంటి పొలంలో సాయం చేసేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కూడా ఉన్నారు. రెండోది, ఆ 17.3లో సగం దాకా పశుసంపదే, అంటే పాలు, మాంసం, గుడ్లు. 'వ్యవసాయం' అనగానే వరి కంకి, పత్తి కాయ బొమ్మ వేస్తారు గానీ డబ్బు లెక్కలో గొర్రెలు, కోళ్లు, బర్రెలు పంటలతో సమానంగా నిలబడతాయి. 2019 పశుగణనలో గొర్రెలు 1.90 కోట్లు, దేశంలో మొదటి స్థానం. 2012లో 1.28 కోట్లు. తర్వాతి పశుగణన 2024 అక్టోబర్‌లో మొదలైంది. అందుకని 1.90 కోట్ల పక్కన 2019 అని తప్పక ఉండాలి.

నిర్వాహకులు | సోమవారం, మధ్యాహ్నం 3:55

గొర్రెల పథకం మీద, కాళేశ్వరం మీద వచ్చిన నాలుగు పోస్టులు వేరే చర్చకు మార్చాం. ఇక్కడ లెక్కలే.

రాజేంద్రనగర్_వరిమడి | సోమవారం, సాయంత్రం 5:20

వరి దగ్గరికి వద్దాం. 23 క్వింటాళ్లకు, 3.8 టన్నులకు పొంతన లేదన్నారు. మొదటిది వడ్లు, రెండోది బియ్యం. మొదటిది ఎకరాకు, రెండోది హెక్టారుకు. కేంద్రం ఉత్పత్తి పట్టికల్లో వరిని బియ్యంగా చూపిస్తారు. ఇక్కడ కొనుగోలు కేంద్రాల దగ్గర, ప్రకటనల్లో వడ్లుగా చెప్తారు. మార్చేటప్పుడు మూడింట రెండు వంతులు అనుకోండి. మిల్లుకు ఇచ్చిన క్వింటా వడ్లకు ప్రభుత్వం తిరిగి అడిగేది పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68.

2024 వానాకాలానికి ప్రభుత్వం ప్రకటించింది 66.77 లక్షల ఎకరాల్లో 153 లక్షల టన్నుల వడ్లు. భాగిస్తే ఎకరాకు 22.9 క్వింటాళ్లు. హెక్టారుకు 2.471తో గుణిస్తే 56.6 క్వింటాళ్ల వడ్లు, అందులో 67 శాతం తీస్తే 37.9 క్వింటాళ్ల బియ్యం. మీ 3.8 టన్నులు అదే. రెండు అంకెలూ ఒకే మడిలోంచి వచ్చాయి.

ఇక ఈ ఎకరా దిగుబడి ఎక్కడిది? రైతుల్ని అడిగి రాసింది కాదు, పంటకోత ప్రయోగంలోంచి వస్తుంది. చాలామందికి ఈ పని ఎలా జరుగుతుందో తెలియదు కాబట్టి కాస్త విప్పి చెప్తా. ఊళ్లో సర్వే నంబరును యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో ఎంచుతారు. బాగా పండిన మడి, దారికి దగ్గరున్న మడి అని చూసి ఎంచకూడదు. మడికి నైరుతి మూల నుంచి పొడవునా, అడ్డంగా ఎన్ని అడుగులు పోవాలో కూడా యాదృచ్ఛిక సంఖ్యే చెప్తుంది. అక్కడ మొదటి మేకు. వరికి 5 మీటర్లు, 5 మీటర్ల చతురస్రం. నాలుగు మేకులు పాతాక ఐమూల (కర్ణం) కొలవాలి, 7.07 మీటర్లు రావాలి. రాకపోతే మూల వంకర పోయింది, మళ్లీ పాతాలి. తాడు సాగి ప్రతి వైపూ 5.1 మీటర్లు అయిందనుకోండి, విస్తీర్ణం 26 చదరపు మీటర్లు అవుతుంది. దిగుబడి ఏకంగా 4 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే నూలు తాడు వద్దు, టేపు లేదా గొలుసు వాడాలి. గీత మీద పడిన దుబ్బు మొదలు సగానికి పైగా లోపల ఉంటేనే కోయాలి.

కోసి, నూర్చి, తాలు ఎగరబోసి తూస్తారు. 25 చదరపు మీటర్ల బరువును 400తో గుణిస్తే హెక్టారుకు, 161.87తో గుణిస్తే ఎకరాకు. 100 గ్రాముల తూకం తేడా హెక్టారులో 40 కిలోలు. కాబట్టి కూరగాయల కాంటా పనికిరాదు.

కాంటామీదకన్ను | సోమవారం, సాయంత్రం 6:45

వరిమడి గారు చెప్పినదానికి తేమ కలపాలి. అసలు మోసం అక్కడే.

కోసిన రోజు వడ్లలో తేమ 24 శాతం ఉండటం మామూలే, వాన పడితే ఇంకా ఎక్కువ. 25 చదరపు మీటర్లలో 15.5 కిలోలు వచ్చాయనుకుందాం. అలాగే గుణిస్తే ఎకరాకు 25.1 క్వింటాళ్లు. కొనుగోలు కేంద్రంలో తీసుకునే హద్దు 17 శాతం తేమ. వందలోంచి తేమ తీస్తే మిగిలే పొడి భాగం అక్కడ 76, ఇక్కడ 83. 15.5ను 76తో గుణించి 83తో భాగించండి, 14.19 కిలోలు. అప్పుడు ఎకరాకు 23 క్వింటాళ్లు. రెండు క్వింటాళ్లు గాలికి పోయాయి, వడ్లు ఎక్కడికీ పోలేదు. పంటకోత ప్రయోగంలో కిలో నమూనా ఎండబెట్టి మళ్లీ తూచాలనే నియమం ఇందుకే. ఆ రెండో తూకం సరిగ్గా పడని చోట దిగుబడి ఉబ్బిపోతుంది.

హార్వెస్టర్‌తో కోసిన వడ్లకు ఇది మరీ ముఖ్యం. చేత్తో కోస్తే మెద మీద రెండు మూడు రోజులు ఆరేది. మిషన్ కోస్తే నేరుగా ట్రాక్టర్‌లో పడుతుంది. అందుకే కల్లాల మీద, రోడ్ల మీద ఆరబోతలు.

ఇంకో తికమక కొనుగోలుకు, ఉత్పత్తికి మధ్య. 153 లక్షల టన్నులు పండిందన్న ఆ వానాకాలంలోనే ప్రభుత్వం కొన్నది 53 లక్షల టన్నుల దాకా. 'మిగతా కోటి టన్నులు ఏమయ్యాయి' అని టీవీలో అరుస్తారు. రైతు తిండికి, విత్తనానికి పెట్టుకున్నది, మిల్లర్లు నేరుగా కొన్నది, పక్క రాష్ట్రాలకు లారీల్లో పోయినది అందులో ఉన్నాయి. సన్న రకాలకు బయట రేటు బాగుంటే రైతు కేంద్రానికి రాడు. ఆ సీజన్ నుంచి సన్నాలకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు కాబట్టి ఈ వాటా సీజన్ సీజన్‌కు మారుతుంది. మద్దతు ధర 2024-25కి సాధారణ రకం 2,300, గ్రేడ్ ఏ 2,320. 2025-26కి 2,369, 2,389.

ఎర్రచెల్క | సోమవారం, రాత్రి 8:10

కాంటా అన్న చెప్పింది ఒప్పుకుంట. కానీ లెక్కల్ల కోటి టన్నుల ఖాళీని తిండి, విత్తనం, మిల్లర్లు అని నింపుడు అంత అల్కగ కాదు. విత్తనం ఎకరాకు 25 కిలోలు అనుకున్నా 66 లక్షల ఎకరాలకు లక్షన్నర టన్నుల పైన, అంతే. ఖాళీల అది ఒక చెంచా. విస్తీర్ణం ఎవరు రాస్తున్నరో కూడా చూడాలె.

ఇంతకుముందు పహాణీల పంట రాసేది వీఆర్వో. 2020 సెప్టెంబర్‌ల ఆ పోస్టులే పోయినయి. ఇప్పుడు పంట నమోదు ఏఈవోది, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిది. రాష్ట్రంల 2,601 క్లస్టర్లు, ఒక్కొక్కటి దాదాపు 5,000 ఎకరాలు. ఒక్క మనిషి నెల రోజుల్ల 5,000 ఎకరాలు సర్వే నంబరు వారీగ తిరిగి రాయాలె. తిరిగిన కాడ రాస్తడు, తిరగని కాడ పోయిన ఏడు రాసింది దించుతడు. పడావు పడ్డ భూమి, వెంచర్ కొట్టిన భూమి కూడా ఒక్కోకాడ వరి అయితది. దిగుబడిల 4 శాతం తప్పు గురించి ఇంత మాట్లాడుకున్నం. విస్తీర్ణంల తప్పు ఉంటే అది నేరుగా టన్నుల్ల పడుతది.

రాజేంద్రనగర్_వరిమడి | సోమవారం, రాత్రి 9:00

న్యాయమైన మాట. విస్తీర్ణాన్ని ఉపగ్రహ చిత్రాలతో సరిచూడటం మేలు. నీళ్లు నిలిచిన మడి రాడార్ చిత్రంలో మబ్బున్నా కనిపిస్తుంది కాబట్టి వరికి ఆ పద్ధతి బాగా పనిచేస్తుంది. కంది, పత్తి కలిపి వేసిన చెల్కల్లో అంత నమ్మకం ఉండదు.

చార్టుకు ఒక మాట. 2014-15లో వరి 34.97 లక్షల ఎకరాలు, 68.17 లక్షల టన్నులు, ఎకరాకు 19.5 క్వింటాళ్లు. పదేళ్ల తర్వాత 23కు అటూ ఇటూ. ఉత్పత్తి అన్ని రెట్లు పెరిగింది ప్రధానంగా విస్తీర్ణం వల్ల, దిగుబడి వల్ల కాదు. ఏడాది మొత్తం విస్తీర్ణం కోటి ఎకరాలు దాటడానికి యాసంగి పెద్ద కారణం. దానివెనక చెరువులు, కాలువలతో పాటు 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు, 25 లక్షలు దాటిన వ్యవసాయ మోటార్లు ఉన్నాయి. అయితే 2014-15 వరుస రెండు సీజన్లది, పైన చెప్పిన 153 లక్షల టన్నులు ఒక్క వానాకాలానిది. ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకండి.

అశోక్‌నగర్_రీడింగ్ | సోమవారం, రాత్రి 9:30

యాసంగి పంట ఏ ఏడాదిలో పడుతుంది? ఏప్రిల్‌లో కోస్తారు కదా, అప్పటికి కొత్త ఆర్థిక సంవత్సరం వచ్చేస్తుంది.

ఖైరతాబాద్_లెక్క | సోమవారం, రాత్రి 9:50

పంట సంవత్సరం వానాకాలంతో మొదలవుతుంది, దాని ప్రకారం 2025 ఏప్రిల్‌లో కోసిన యాసంగి 2024-25దే. కేంద్రం ధాన్యం సేకరణ సీజన్ అక్టోబర్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు, అందులోనూ 2024-25దే. రైతు చేతికి డబ్బు వచ్చేది, బడ్జెట్ లెక్క పడేది మాత్రం ఏప్రిల్ తర్వాత, అంటే 2025-26. అందుకే ఒకే వడ్లకు రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. పట్టిక పైన 'పంట సంవత్సరం' అని రాస్తే గొడవ ఉండదు.

కాంటామీదకన్ను | మంగళవారం, ఉదయం 7:30

పత్తి మర్చిపోయారు. వరి తర్వాత పెద్ద పంట, దేశంలో మహారాష్ట్ర, గుజరాత్ పక్కన మన పేరే ఉంటుంది. ఇక్కడ కొలత ఇంకా తిరకాసు. రైతు అమ్మేది గింజతో ఉన్న పత్తి, క్వింటాళ్లలో. ప్రభుత్వ పట్టికలో ఉండేది గింజ తీసిన దూది, బేళ్లలో, బేలు 170 కిలోలు. జిన్నింగ్‌లో క్వింటాకు 33–34 కిలోల దూది వస్తుంది, మిగతాది గింజ, కాస్త తరుగు. లెక్కన బేలుకు 5 క్వింటాళ్ల పత్తి. ఎకరాకు 6 క్వింటాళ్లు తీసిన రైతుది హెక్టారుకు దాదాపు 500 కిలోల దూది. 'హెక్టారుకు 500 కిలోలా, అంత తక్కువా' అనుకునేవాళ్లు దీన్ని క్వింటాళ్ల పత్తితో కలిపేస్తున్నారు.

సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాకా పూర్తి ధర, 8 నుంచి 12 దాకా కోత, 12 దాటితే తీసుకోరు. 2025-26కి పొడవు పింజ మద్దతు ధర 8,110.

మల్కాజిగిరి_ఎక్సెల్ | మంగళవారం, ఉదయం 9:15

కమతాల గడి కూడా ఉంటుంది కదా. 2015-16 వ్యవసాయ గణన: 59.48 లక్షల కమతాలు, 59.72 లక్షల హెక్టార్లు, సగటు సరిగ్గా ఒక హెక్టారు. 2010-11లో సగటు 1.12 ఉండేది. హెక్టారు లోపు ఉన్నవి 64.6 శాతం, ఒకటి నుంచి రెండు హెక్టార్లవి 23.7. ఆ 59.72 లక్షల హెక్టార్లను ఎకరాల్లోకి మార్చితే 1.47 కోట్ల పైన. రైతుబంధు ఇచ్చిన భూమి కూడా సుమారు అంతే. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు కలిశాయంటే కొంత ధైర్యం.

కానీ కమతం అంటే సాగు చేసే యూనిట్, పట్టా కాదు. రైతుబంధు, ఇప్పటి రైతు భరోసా పట్టాదారుకు పోతాయి. కౌలుదారు పట్టికల్లో కనపడడు. 2011 నాటి కౌలుదారుల గుర్తింపు చట్టం ఉంది, ఆ కార్డులతో లెక్కపెడితే అసలు సంఖ్యలో ఏ మూలకూ రాదు. 'రైతుల సంఖ్య' అని ఒక గడి పెట్టి పట్టాదారుల సంఖ్య రాస్తే అది భూమి యజమానుల సంఖ్య, అంతే.

ఇంకోటి, అతి ముఖ్యమైంది: గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంట 121 గజాలు. ఆంధ్రా వైపు సెంట్లు కాబట్టి వంద. మన పాసుపుస్తకంలో 1.30 అంటే ఒక ఎకరం 30 గుంటలు, అంటే 1.75 ఎకరాలు. ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు. 1.30, 1.30 కూడితే 2.60 అంటుంది. అసలు జవాబు 3 ఎకరాల 20 గుంటలు. చుక్కకు ముందున్నది అలాగే ఉంచి, తర్వాతి రెండంకెల్ని 40తో భాగించి కలపాలి. అప్పుడే కూడిక, సగటు. ఎకరాకు 6,000 చొప్పున 1.30కి రైతు భరోసా 10,500. దశాంశం అనుకుంటే 7,800 వస్తుంది.

అశోక్‌నగర్_రీడింగ్ | మంగళవారం, ఉదయం 10:05

మా ఫైల్‌లో చాలా వరుసల్లో 1.3 అనే ఉంది, సున్నా లేదు. అది 3 గుంటలా, 30 గుంటలా?

మల్కాజిగిరి_ఎక్సెల్ | మంగళవారం, ఉదయం 10:20

3 గుంటలైతే 1.03 అని రాస్తారు. 1.3 అంటే చివరి సున్నాను ఎక్సెల్ మింగేసింది, కాబట్టి 30. అయితే చేత్తో ఎక్కించిన ఫైల్ అయితే నమ్మొద్దు. చుక్క తర్వాత 40, ఆ పైన ఉన్న వరుసలు ఏమైనా ఉన్నాయేమో ముందు వడపోయి. 1.65 లాంటిది ఒక్కటి కనిపించినా ఎవరో దశాంశాల్లో ఎక్కించారు. అప్పుడు ఆ ఊరి వరుసలన్నీ పక్కన పెట్టి పాసుపుస్తకాలతో సరిచూడాలి. ఇంకోసారి తెచ్చుకునేటప్పుడు ఆ గడిని సంఖ్యగా కాకుండా అక్షరంగా తెరువు, సున్నా పోదు.

ఎర్రచెల్క | మంగళవారం, ఉదయం 10:45

కొన్ని కాడ నాలుగంకెలు ఉంటయి, 1.3050 అని. అది 30 గుంటల 50, అంటే ముప్పైన్నర గుంటలు. అది చూసి 3050 గుంటలు అనుకోకు తమ్మీ.